1910 నాటి విమానాల పందెం సినిమా: ఇప్పటికీ ప్రాణం పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డిపోవారబ్బాయి:
అందరికీ నమస్కారం అండి. ఇక్కడ పాత ఇంగ్లీషు సినిమాల మీద చాలా చర్చలు చదివాను గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమా గురించి ఒక్కటీ కనపడలేదు, అందుకే నేనే మొదలుపెడుతున్నా. 1965లో వచ్చిన 'దోజ్ మాగ్నిఫిసెంట్ మెన్ ఇన్ దెయిర్ ఫ్లయింగ్ మెషీన్స్'. డైరెక్టర్ కెన్ అనకిన్. కథ 1910లో జరుగుతుంది. లార్డ్ రాన్స్‌లీ అనే పత్రికాధిపతి లండన్ నుంచి పారిస్‌కి విమానాల పందెం పెడతాడు, గెలిచినవాడికి 10,000 పౌండ్లు. ఇంక చూడండి, అమెరికా నుంచి ఒకడు, ఫ్రాన్స్ నుంచి ఒకడు, జర్మన్ కల్నల్, పెళ్లాంబిడ్డలందరినీ వెంటేసుకొచ్చిన ఇటలీ కౌంట్, జపాన్ నుంచి ఒకాయన, ఇంగ్లండ్ తరఫున ఒక పెద్దమనిషి, ఒక దొంగ. కథ అంతే. మిగతాదంతా గాల్లోనే.

మా నాన్న బస్ డిపోలో మెకానిక్. నేను ఏడో తరగతిలో ఉండగా సికింద్రాబాద్‌లో ఒక హాల్లో ఆదివారం మార్నింగ్ షోకి తీసుకెళ్లాడు. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు అదీ లేదు. అయినా ఇద్దరం ఒక్క క్షణం కూడా కన్ను పక్కకి తిప్పలేదు. మొదటి విమానం నేల విడిచినప్పుడు నాన్న నా మోకాలి మీద చెయ్యేసి "రెక్కల మధ్య తీగలు చూడరా, బండి మొత్తం ఆ తీగల మీదే నిలబడి ఉంది" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ సినిమా అంటే ముందు ఆ తీగలే గుర్తొస్తాయి.

నాన్నకిప్పుడు 81. నీటికాసుల వల్ల చూపు దాదాపు పోయింది. అయినా నెలకోసారి ఆ సినిమా పెట్టమంటాడు. చూడడు, వింటాడు. మీలో ఇంకెవరికైనా ఈ సినిమా మీద ఇలాంటి ఇష్టం ఉందా, ఉంటే ఎందుకో చెప్పండి.

రెండోఆట:
అన్నా, ఉన్నాం ఉన్నాం! నేను కనీసం ఇరవై సార్లు చూసుంటా. నాకు టెర్రీ థామస్ ఒక్కడు చాలు. సర్ పెర్సీ వేర్ ఆర్మిటేజ్ వేషం. ఆ ముందు పళ్ల మధ్య సందు, ఆ మీసం, సిగరెట్ హోల్డర్, ఎదుటివాళ్ల విమానాలు పాడుచేయడానికి రాత్రిపూట దొంగచాటుగా తిరగడం. పక్కన పనివాడు కోర్ట్నీగా ఎరిక్ సైక్స్. వీళ్లిద్దరూ ఫ్రేములోకి వస్తే చాలు, నాకు నవ్వు ఆగదు. ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య ఉన్న సముద్రం, ఇంగ్లీష్ ఛానల్, ఎగిరి దాటకుండా విమానాన్ని పడవలో ఎక్కించి అవతలి ఒడ్డుకి చేర్చేసి, ఎగిరి వచ్చినట్టు నటిస్తాడు చూడండి. తర్వాత రైలు పొగలో దారి తప్పి ఏకంగా నడిచే రైలు పెట్టె మీదే దిగుతాడు, ఎదురుగా సొరంగం. ఆ షాట్‌కి నేనూ మా తమ్ముడూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏమైందిరా అని అడిగేది.

లైబ్రరీ మేడమీద:
చాలా మంచి చర్చ మొదలుపెట్టారు డిపో గారూ. ఈ కథ పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 1909 జూలై 25న లూయీ బ్లెరియో ఇంగ్లీష్ ఛానల్ దాటాడు, దానికి డైలీ మెయిల్ పత్రిక 1,000 పౌండ్ల బహుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అదే పత్రిక లండన్ నుంచి మాంచెస్టర్‌కి ఎగిరినవాడికి 10,000 పౌండ్లు ఇచ్చింది, అంటే సినిమాలో ఎంతో అచ్చంగా అంతే. 24 గంటల్లోపు చేరాలి, మధ్యలో ఆగే అవకాశాలు తక్కువ. ఫ్రాన్స్ నుంచి లూయీ పోలాన్, ఇంగ్లండ్ నుంచి క్లాడ్ గ్రాహమ్ వైట్ పోటీ పడ్డారు. వెనకబడ్డానని తెలిసి గ్రాహమ్ వైట్ చీకట్లోనే లేచాడు, స్నేహితులు కార్ల లైట్లు వేసి దారి చూపించారు. అయినా పోలాన్ గెలిచాడు. గ్రాహమ్ వైట్ ఓడిపోయి కూడా జనం చేత జేజేలు కొట్టించుకున్నాడు. ఆ రోజుల్లో నిజంగానే పత్రికలే పందేలు పెట్టేవి, జనం లక్షల్లో కదిలేవాళ్లు. అందుకే రాన్స్‌లీ పాత్ర ఎంత అతిగా కనపడినా నాకు మాత్రం నిజం మనిషిలాగే ఉంటాడు. రాబర్ట్ మోర్లీ ఆ పాత్రకి సరిగ్గా సరిపోయాడు.

ఇంకో సంగతి. సినిమాలో మురుగునీటి చెరువులోకి విమానాలు పడుతుంటాయి కదా, అదేదో నవ్వించడానికి పెట్టారనుకుంటారు చాలామంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో విమానాలు ఎగరేసే బ్రూక్‌లాండ్స్ మైదానం పక్కన నిజంగానే మురుగునీటి పొలం ఉండేది, నిజం పైలట్లు నిజంగానే అందులో పడేవారు.

డిపోవారబ్బాయి:
మేడమ్, ఈ మురుగునీటి సంగతి నాకు తెలీదు! ఇప్పుడే నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు నవ్వాడు.

గాలివాటం:
నాది కొంచెం వేరే మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నాకూ సినిమా ఇష్టమే. కానీ ఈమధ్య మా అమ్మాయితో కలిసి చూస్తే కొన్ని చోట్ల ఇబ్బంది పడ్డాను. జర్మన్ అంటే రూలు పుస్తకం, ఫ్రెంచ్ అంటే అమ్మాయిల పిచ్చి, ఇటాలియన్ అంటే కంగారు, ప్రతి దేశానికీ ఒక ముద్ర వేసి పెట్టేశారు. జపాన్ పైలట్ యామమోతోగా వేసిన యుజిరో ఇషిహారా అప్పటికే వాళ్ల దేశంలో పెద్ద స్టార్. అలాంటివాడి గొంతు తీసేసి జేమ్స్ విలియర్స్ అనే ఇంగ్లీష్ నటుడితో డబ్బింగ్ చెప్పించారు. పందెంలో కూడా మొదట్లోనే కూల్చేశారు. మా అమ్మాయి "ఆయన్ని ఎందుకు పిలిచినట్టు నాన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రెండోఆట:
అన్నా, కానీ ఇంగ్లీషువాళ్లని వదిలారా? దొంగ వాళ్లవాడే కదా. లార్డ్ రాన్స్‌లీకి ఎంత గర్వమో అంత మతిలేనితనం. అందరినీ ఆడుకున్నారు.

గాలివాటం:
ఆడుకున్నారు, ఒప్పుకుంటా. కానీ చివర్లో గెలిచేది కూడా వాళ్లవాడే కదా తమ్ముడూ.

లైబ్రరీ మేడమీద:
గాలివాటం గారి బాధలో న్యాయం ఉంది. ఇషిహారాకి సరైన చోటు ఇవ్వలేదు, ఆ మాట ఎప్పుడో అనుకోవాల్సింది. అయితే గెలుపు గురించి ఒక్క మాట. పారిస్ మీద కౌంట్ ఎమీలియో విమానం అంటుకుంటే అమెరికా వాడు ఆర్విల్ న్యూటన్ పందెం వదిలేసి అతన్ని కాపాడతాడు. దాంతో ఇంగ్లండ్ వాడు రిచర్డ్ మేస్ ముందు దిగుతాడు. దిగాక, ఇది నా ఒక్కడి గెలుపు కాదని ఆర్విల్‌తో పంచుకుంటాడు. నేను ఆ సన్నివేశం దగ్గర ప్రతిసారీ కళ్లు తుడుచుకుంటాను. అంతసేపు దేశాల పేరు చెప్పుకుని కొట్టుకున్నవాళ్లు ఒక మనిషి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి అన్నీ వదిలేశారు. మీ అమ్మాయికి అది నచ్చిందా?

గాలివాటం:
నచ్చింది మేడమ్. దానికి బాగా నచ్చింది మాత్రం సన్యాసినుల సీను. కౌంట్ విమానం కాన్వెంట్ దగ్గర పడిపోతే సాయం చేయమంటాడు, మదర్ సుపీరియర్ కుదరదంటుంది. అప్పుడతను, మీరు సాయం చేయకపోతే ఒక ప్రొటెస్టెంట్ గెలుస్తాడు అంటాడు. ఇంక అందరూ కొంగులు బిగించి పనిలోకి దిగుతారు. ఆ మదర్‌గా వేసింది ఫ్లోరా రాబ్సన్, అంత పెద్ద నటి రెండు నిమిషాల వేషానికి వచ్చింది.

కాటన్‌మిల్ కాలనీ:
అందరూ నటుల గురించే మాట్లాడుతున్నారు, నాకు హీరోలు విమానాలే. గ్రాఫిక్స్ లేని రోజులు. కొన్ని షాట్లు క్రేన్‌కి తీగలు కట్టి తీశారు, అది వేరే సంగతి, కానీ ఎక్కువ భాగం నిజంగా ఎగిరాయి. ఎయిర్ కమోడోర్ అలెన్ వీలర్ అనే ఆయన సలహాతో 1910 నాటి డిజైన్ల ప్రకారం కొత్తగా కట్టించారు. బ్రిస్టల్ బాక్స్‌కైట్, ఆవ్రో ట్రైప్లేన్, ఆంటోనెట్, డెమోసెల్. బకింగ్‌హమ్‌షైర్‌లో బుకర్ అనే ఎయిర్‌ఫీల్డ్‌లో షూటింగ్. ఇందులో డెమోసెల్ కథ తెలుసా మీకు? బ్రెజిల్ నుంచి వచ్చి పారిస్‌లో ఉన్న సాంటోస్ డ్యూమాంట్ తయారుచేసిన చిన్న విమానం అది, సీతాకోకచిలకంత ఉంటుంది. సినిమా కోసం కట్టినది మగ పైలట్లు ఎక్కితే సరిగ్గా లేవలేదు. కారణం చూస్తే డ్యూమాంట్ బక్కపలచటి మనిషి, తన బరువుకి తగ్గట్టు కట్టుకున్నాడు. అప్పుడు జోన్ హ్యూస్‌ని పిలిచారు. సన్నగా పొట్టిగా ఉండే మనిషి. ఆవిడ ఎక్కితే విమానం హాయిగా ఎగిరింది.

లైబ్రరీ మేడమీద:
జోన్ హ్యూస్ పేరు ఎత్తినందుకు మీకు దండం. ఆవిడ రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీల నుంచి యుద్ధ విమానాలను స్థావరాలకి నడిపి చేర్చిన మహిళా పైలట్లలో మొదటి ఎనిమిది మందిలో ఒకరు. సినిమాలో సారా మైల్స్ వేసిన రాన్స్‌లీ కూతురు పాట్రీషియా గుర్తుందిగా. ఆడపిల్ల విమానం ఎక్కకూడదని తండ్రి ఆంక్ష, ఆ అమ్మాయేమో మోటార్‌సైకిల్ మీద తిరుగుతూ ఎలాగైనా ఒక్కసారి ఎగరాలని తపన. తెర మీద ఆడపిల్లని ఆపుతుంటే తెర వెనక ఆ విమానాన్ని ఎగరేయగలిగింది ఒక ఆడమనిషే. నాకు ఇది తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. నిజ జీవితంలో కూడా ఫ్రాన్స్‌లో రేమండ్ ద లారోష్ 1910 మార్చిలోనే లైసెన్స్ తీసుకుంది, ఇంగ్లండ్‌లో హిల్డా హ్యూలెట్ 1911లో. హ్యూలెట్ బ్రూక్‌లాండ్స్‌లో ఫ్లయింగ్ స్కూలు కూడా నడిపింది. పాట్రీషియా కల వట్టిది కాదు.

పాట్రీషియాని చివరికి ఇద్దరు మగాళ్ల మధ్య ఎవరిని చేసుకుంటుందా అన్న ప్రశ్నకి కుదించేశారే అని మాత్రం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఆముదంచేను:
నల్గొండ నుంచి. సినిమా మా పెద్దనాన్న వీడియో క్యాసెట్‌లో చూపించాడు. నాది ఒక్క చిన్న మాట. ఆ కాలం రోటరీ ఇంజన్లలో ఆముదం పోసేవాళ్లు. మన ఆముదమే. ఇంజన్ మొత్తం గిర్రున తిరుగుతుంటే కాలీ కాలని ఆముదం బయటికి చిమ్మి పైలట్ మొహం నిండా, కోటు నిండా పడేది. అందుకే ఆ కళ్లద్దాలు, ఆ మెడ గుడ్డలు. మా ఇంట్లో మూడు తరాలుగా ఆముదాలు వేస్తున్నాం, మా నానమ్మ పెద్ద గుండిగలో ఆముదాలు వేయించి దంచి నీళ్లలో మరగబెట్టి పైకి తేలిన నూనె గరిటెతో తీసేది, ఆ వాసన ఇంటి దూలాల దాకా పట్టేది. ఆ సినిమాలో విమానం స్టార్ట్ అయి తెల్లటి పొగ లేచిన ప్రతిసారీ నాకు మా నానమ్మ పొయ్యి వాసనే వస్తుంది.

కాటన్‌మిల్ కాలనీ:
అబ్బ, ఎంత బాగా చెప్పారు. ఒక్క సవరణ, సినిమాకి కట్టిన విమానాల్లో బాక్స్‌కైట్ లాంటివాటికి భద్రత కోసం ఆధునిక ఇంజన్లు పెట్టారు. కాబట్టి ఆ షూటింగ్‌లో వాటి దగ్గర ఆముదం వాసన ఉండి ఉండదు. 1910లో మాత్రం మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఆముదంచేను:
అలాగా! సరే అండి. నా ముక్కుకి మాత్రం వస్తూనే ఉంటుంది.

లైబ్రరీ మేడమీద:
మన వైపు ఒక చిన్న లంకె కూడా ఉంది. అదే బాక్స్‌కైట్, 1910 చివర్లో బ్రిస్టల్ కంపెనీ వాళ్లు ఓడలో కలకత్తా తీసుకొచ్చి జనం ముందు ఎగరేశారు. 1911 జనవరిలో దక్కన్‌లో సైన్యం విన్యాసాలకి కూడా తీసుకెళ్లారు, ఔరంగాబాద్ వైపు, అంటే అప్పటికి నిజాం రాజ్యమే. సినిమా కథ జరిగే కాలానికీ దీనికీ నెలల తేడా.

నైట్‌షిఫ్ట్:
నేను మధ్యలో వచ్చాను, క్షమించాలి. జర్మన్ కల్నల్ గురించి ఎవరూ చెప్పలేదేంటి?? గెర్ట్ ఫ్రోబే! అంతకు ముందు ఏడాదే బాండ్ సినిమాలో గోల్డ్‌ఫింగర్‌గా భయపెట్టిన మనిషి. ఇక్కడ తన పైలట్ ఎగరలేని పరిస్థితి వస్తే, జర్మన్ ఆఫీసర్ చేయలేనిదంటూ ఉండదని చెప్పి, ఎప్పుడూ విమానం ముట్టుకోనివాడు మాన్యువల్ పుస్తకం చేత్తో పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని చదువుకుంటూ ఎగిరేస్తాడు. మొదటి నంబరేమో కూర్చోవడం! నేను ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్ని, కొత్త మెషిన్ వచ్చిన ప్రతిసారీ మాన్యువల్ తెరవగానే కల్నల్ మొహం కనపడుతుంది. ఆ ఫ్రెంచ్ వాడితో బెలూన్ల మీద తుపాకులతో ద్వంద్వయుద్ధం కూడా చేస్తాడు కదా. అంత లావు మనిషి అంత తేలిగ్గా ఎలా నటించాడో.

రెండోఆట:
ఇందులో వేసిన హాస్యనటుడు టోనీ హాన్‌కాక్‌ని కూడా చెప్పాలి. షూటింగ్ టైముకి కాలు విరగ్గొట్టుకున్నాడట, అనకిన్ ఆయన్ని తీసేయకుండా కాలికి కట్టుతోనే పాత్రని మార్చి వాడుకున్నాడు. మొదట్లో రొనాల్డ్ సర్ల్ గీసిన బొమ్మల టైటిల్స్, రాన్ గుడ్విన్ సంగీతం. ఆ ట్యూన్ ఒకసారి తలకెక్కితే వారం దిగదు. బెన్నీ హిల్ ఫైరింజన్ పటాలం సంగతి చెప్పడం మొదలుపెడితే నేను ఈ రాత్రి పడుకోను.

బెడ్‌ఫర్డ్ మావయ్య:
డిపో గారూ, నేను ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఉంటాను. చర్చ మొదటి నుంచీ చదువుతున్నా, ఇవాళ కాస్త తీరిక దొరికింది. మా ఇంటి నుంచి అరగంట దూరంలో ఓల్డ్ వార్డెన్ అనే ఊళ్లో షటిల్‌వర్త్ కలెక్షన్ అని పాత విమానాల మ్యూజియం ఉంది. ఈ సినిమా కోసం కట్టిన బాక్స్‌కైట్, ట్రైప్లేన్ రెండూ అక్కడే ఉన్నాయి. ఊరికే పెట్టి చూపించడం కాదు, ఎగరేస్తారు.

మొదటిసారి వెళ్లింది ఒక సాయంత్రం షోకి. వీటిని గాలి ఉంటే బయటికే తీయరు, అందుకే ఆఖరికి, పొద్దుగూకే వేళకి పెడతారు. ఆరోజు సాయంత్రమంతా గాలి వీస్తూనే ఉంది. జనం అందరం గాలిగొట్టం వంకే, అదే గాలి ఎంత వీస్తోందో చూపించే కర్రకి కట్టిన గుడ్డ గొట్టం వంకే, చూస్తూ కూర్చున్నాం. విమానాలు ఒకదాని తర్వాత ఒకటి ఎగురుతున్నాయి, ఎవరి చూపూ వాటి మీద లేదు. గాలిగొట్టం మెల్లగా వాలింది, మళ్లీ లేచింది, మళ్లీ వాలింది. సుమారు ఎనిమిదింటికి పూర్తిగా కర్రకి అతుక్కుపోయింది. అప్పుడు నలుగురైదుగురు కలిసి బాక్స్‌కైట్‌ని చేతుల్తో తోసుకుంటూ గడ్డి మీదికి తెచ్చారు. దగ్గర్నుంచి చూస్తే ఎండ రెక్కల గుడ్డలోంచి దూరి అవతలి పక్క కర్రల నీడలు కనపడుతున్నాయి. పైలట్ రెక్క ముందు అంచున, కాళ్లు గాల్లో పెట్టి, చుట్టూ ఏమీ లేకుండా కూర్చున్నాడు. మన అరుగు మీద కూర్చున్నట్టే.

పరిగెత్తింది, లేచింది. ఎత్తు మహా అయితే మూడు నాలుగు తాటిచెట్లంత. మైదానం చుట్టూ అంత నెమ్మదిగా తిరిగింది, ఇంత నెమ్మదిగా ఏదైనా గాల్లో ఎలా నిలబడుతుందా అనిపించింది. చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయారు జనం. నా పక్కన ఒక ముసలాయన, ఊతకర్ర పట్టుకుని, ఆ సినిమా ట్యూన్ సన్నగా ఈల వేస్తున్నాడు. ఆయన వైపు చూశాను, తలూపాడు, అంతే, ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. సినిమా వచ్చి ఇన్నేళ్లైనా దీని మీద జనానికి ప్రేమ పోలేదంటే ఇదే కారణమని నా నమ్మకం. సినిమా అయిపోయాక సెట్లు పీకేస్తారు. వీటిని పీకేయలేదు. ఆ సినిమాలో కొంత భాగం ఇంకా ఎగురుతూనే ఉంది.

కాటన్‌మిల్ కాలనీ:
చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది సార్. ఇంకో బాక్స్‌కైట్ బ్రిస్టల్ మ్యూజియంలో హాల్లో పైకప్పుకి వేలాడుతూ ఉంటుంది. మా చెల్లి అక్కడ చదువుకునేటప్పుడు ఫోటో పంపింది, నా ఫోన్‌లో ఇప్పటికీ అదే వాల్‌పేపర్.

డిపోవారబ్బాయి:
మావయ్య గారూ, మీరు రాసింది నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. గుడ్డలోంచి ఎండ దూరడం దగ్గర మళ్లీ చదవమన్నాడు. ఆయన ఒకటి అడగమన్నాడు, ఇబ్బంది అనుకోకపోతే. మళ్లీ ఎప్పుడైనా వెళ్తే ఆ ఇంజన్ చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టగలరా? డిపోలో ఉన్న రోజుల్లో బస్సు గేటు దాటకముందే చప్పుడు విని ఏ పార్టు పోయిందో చెప్పేవాడు. సినిమాలో అయితే సంగీతం, మాటలు అన్నీ కలిసిపోయి ఇంజన్ విడిగా వినపడదట.

బెడ్‌ఫర్డ్ మావయ్య:
ఇబ్బందేముందండీ. వచ్చే శనివారం సాయంత్రం షో ఉంది. గాలి పడాలని మొక్కుకోండి.

నైట్‌షిఫ్ట్:
మొక్కేశాం సార్. ఇక్కడ అందరం.

బెడ్‌ఫర్డ్ మావయ్య:
శనివారం గాలి తగ్గలేదు, బయటికి తీయలేదు. ఆ తర్వాత షోకి మళ్లీ వెళ్లాను. ఇదిగో, నాలుగు నిమిషాల ఫైల్ పెట్టాను. మొదట్లో పిల్లల అల్లరి ఉంటుంది, నలభై సెకన్ల తర్వాత ఇంజన్ శుభ్రంగా వినపడుతుంది. డిపో గారూ, నాన్నగారు ఏమన్నారో రాయండి.

డిపోవారబ్బాయి:
ఇప్పుడే వినిపించాను. ఇయర్‌ఫోన్స్ వద్దన్నాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. పూర్తిగా విన్నాడు, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారి మధ్యలో చెయ్యెత్తి ఆపమని, "నాలుగు సిలిండర్లు. పాతకాలం ఇంజన్ కాదు" అన్నాడు. తర్వాత ఇంజన్ కొంచెం తగ్గిన చోట సన్నటి ఈల లాంటి చప్పుడు ఉంది చూడండి, మూడో నిమిషం దగ్గర. అది వినపడగానే నా మోకాలి మీద చెయ్యేసి "తీగలు" అన్నాడు.

కాటన్‌మిల్ కాలనీ:
ఆధునిక ఇంజనే అండి దానికి. నాలుగే సిలిండర్లు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.